ఏమీ కొనని పాత ఖాతాదారు

చెప్పుకుంటే సిగ్గు పోతుందంటారు. పరాయివాళ్లు కాదు కాబట్టి మీకు చెబుతున్నాను. ఏళ్ల తరబడి ఒక బట్టల కొట్టుకి నేను వీరాభిమానిని. ఆ కొట్టు గురించి నేను మాట్లాడినంత దాని యజమాని కూడా మాట్లాడి ఉండడు. అక్కడ నేను పెట్టిన ఖర్చు మాత్రం సున్నా.

కొట్టు పేరు ట్రాష్ అండ్ వాడెవిల్. న్యూయార్క్‌ ఈస్ట్ విలేజ్‌లో, సెయింట్ మార్క్స్ ప్లేస్ నాలుగో నంబరు ఇంట్లో ఉండేది. రే గుడ్‌మన్ 1975లో పెట్టాడు. తోలు జాకెట్లు, ఇనప గుబ్బలు కొట్టిన బెల్టులు, కాళ్లకి చర్మంలా అతుక్కునే నల్ల ప్యాంట్లు. ఇగ్గీ పాప్ లాంటి రాక్ గాయకులు బట్టలకోసం వచ్చిన చోటు. విజయవాడ హాస్టల్లో రూమ్మేటు తెచ్చిన రామోన్స్ పంక్ బృందం క్యాసెట్టు అరిగేదాకా విన్నవాణ్ణి, న్యూజెర్సీలో ఉద్యోగం దొరికితే ఆగుతానా? శనివారం వస్తే చాలు, జర్నల్ స్క్వేర్లో పాత్ రైలెక్కేవాణ్ణి. నైంత్ స్ట్రీట్ స్టేషన్లో దిగి ఎయిత్ స్ట్రీట్ వెంట తూర్పుగా నడిస్తే, థర్డ్ ఎవెన్యూ దాటగానే ఆ వీధి కాస్తా సెయింట్ మార్క్స్ ప్లేస్ అయిపోతుంది. అక్కణ్ణుంచి నా గొంతు మారిపోయేది.

చుట్టాలెవరొచ్చినా స్వాతంత్ర్య దేవత విగ్రహం తర్వాత, మా రెండో మజిలీ అదే. ఈ ఇల్లు 1831లో కట్టారండీ, అమెరికా దేశ నిర్మాతల్లో ఒకరైన అలెగ్జాండర్ హామిల్టన్ పోయాక ఆయన భార్య ఎలైజా ఇక్కడే ఉండేదండీ అని మొదలుపెట్టేవాణ్ణి. 77వ నంబరులో ఆడెన్ కవి ఉండేవాడు. 96, 98 నంబర్ల ముఖాలే లెడ్ జెప్పెలిన్ ఆల్బమ్ అట్ట మీద ఉన్నవి. అటు బవరీలో రామోన్స్ పాడిన సీబీజీబీ క్లబ్బు 2006లో మూతపడింది, 2008లో అక్కడ మగవాళ్ల ఖరీదైన బట్టల కొట్టొచ్చింది. అద్దెలు ఈ వీధి ప్రాణం తీస్తున్నాయని వాపోయేవాణ్ణి. చేతిలో బబుల్ టీ ఉండేది. ఆ టీ కూడా అక్కడ కొత్తగా వెలిసిన కొట్లోదే.

మరి లోపలికెందుకు వెళ్లలేదూ అంటే, భయం. గడప దాటితే నేను ఆ గుంపు మనిషిని కాదని తెలిసిపోతుందని. బయట నిలబడ్డంతసేపూ నేను రాకర్‌నే. లోపలికెళితే ధర చూసి మనసులో రూపాయల్లోకి మార్చుకునే సాఫ్ట్‌వేర్ మనిషిని. అందుకని ఆ కొట్టు ముందు ఫొటో దిగి, నల్ల టీషర్టు మాత్రం న్యూజెర్సీ మాల్లో డిస్కౌంట్‌లో కొనుక్కునేవాణ్ణి. మీకూ ఇలాంటి కొట్టొకటి ఉండే ఉంటుంది. కోఠీలోనో, ఏలూరు రోడ్డులోనో ఒక పుస్తకాల షాపు. మూసేస్తున్నారంటే గుండె కలుక్కుమంటుంది. చివరిసారి అక్కడ ఏం కొన్నామో మాత్రం గుర్తురాదు.

2016లో మా బావమరిది, ఇంటర్ అయిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. రైల్లోంచే నా పురాణం మొదలైంది. నాలుగో నంబరు దగ్గర చెయ్యి చాపి, "ఇదేనమ్మా!" అన్నాను. అక్కడ కొట్టు లేదు.

ఆ పిల్ల ఫోన్ తీసింది. "మావయ్యా, ఈస్ట్ సెవెంత్ స్ట్రీట్‌కి మారారంట. తొంభై ఆరో నంబరు. మీకు తెలీదా?"

"తెలుసు. ముందు పాతది చూపిద్దామని" అన్నాను.

ఇక వెనక్కి తగ్గే దారి లేదు. నడిచాం. వెళ్లాం. లోపలికి అడుగుపెట్టాం. కౌంటర్ దగ్గర కుర్రాడు నవ్వుతూ, ఇంతకుముందు వచ్చారా అన్నాడు. పాత కొట్టు దగ్గర్నుంచీ వస్తున్నానన్నాను. అతని మొహం వెలిగిపోయింది. అప్పట్లో ఏం తీసుకున్నారూ అన్నాడు. బావమరిది నావైపు చూశాడు. పిల్ల చూసింది. ప్యాంటన్నాను. ఏ సైజన్నాడు. ముప్పై రెండన్నాను. నా నడుము అప్పటికే ముప్పై ఆరు. తెచ్చాడు. ట్రయల్ రూములోకి దూరాను. మోకాళ్ల దాకా సునాయాసంగా వచ్చింది. తొడల దగ్గర మొరాయించింది. ఊపిరి బిగబట్టాను, ఎగిరాను, గోడకి ఆనుకుని లాగాను. జిప్పు సగంలో ఆగింది, పైకీ రాదు, కిందికీ పోదు. బయట్నుంచి ఆ పిల్ల, "మావయ్యా, ఒక్కసారి బయటికి రండి, ఫొటో తీస్తా" అంటోంది!

చివరికి తలుపు సందులోంచి ఆ కుర్రాణ్ణే పిలిచాను. ఎప్పుడూ ఏమీ కొనలేదని, బయటే నిలబడేవాణ్ణని నిజం చెప్పేశాను. అతను వెక్కిరించలేదు. ముప్పై ఆరు తెచ్చి, చాలామంది అలాగే నిలబడతారండీ అన్నాడు. కొనుక్కున్నాను. దారి పొడుగునా ఆ పిల్ల చేతిలోనే ఉంది ఆ సంచీ.

పాత కొట్టుకి జిమ్మీ వెబ్ అనే మేనేజరుండేవాడు. వచ్చినవాళ్లకి ఏది నప్పుతుందో కనిపెట్టి ఒంటికి తగ్గట్టు తొడిగించడంలో పేరుమోసినవాడు. 2017లో ఆర్చర్డ్ స్ట్రీట్‌లో సొంత కొట్టు పెట్టాడు, 2020లో పోయాడు. ఆ గడప దాటి ఉంటే ఆయన నా నడుమేదో నాకే చెప్పి ఉండేవాడు. ఆ ఒక్క బాధ నాకు తీరలేదు.

ఇప్పుడూ చుట్టాలొస్తే అటు తీసుకెళుతున్నాను. ముందు సెవెంత్ స్ట్రీట్‌లో బెల్టో బూట్లో, ఏదో ఒకటి కొనిపిస్తాను. ఎలైజా కథ ఆ తర్వాతే.