మా బెజవాడలో అయితే...

మా మేడమీది వాటాలో దిగిన రోజునే ఆయన కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్లు పట్టి, ఒక్క గుక్క పుక్కిలించి, "కృష్ణ నీళ్లు కాదు కదండీ" అన్నారు. మా వాడిపట్టి మదురై నుంచి దిండుక్కల్ వెళ్లే పెద్ద రోడ్డు మీద ఉంది. బెజవాడకు ఇంచుమించు తొమ్మిది వందల కిలోమీటర్లు. కాదని ఒప్పుకోక తప్పలేదు.

ఆయన బ్యాంకు బదిలీ మీద వచ్చిన మనిషి. ఏ బ్యాంకో, పేరేమిటో ఇక్కడ అనవసరం. వీధి పిల్లలు పెట్టిన పేరు 'బెజవాడ సార్'. మేము ఇక్కడి తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. నాకు తెలుగు అక్షరాలు హైదరాబాదులో ఉద్యోగం చేసిన పదకొండేళ్లలో బస్సు బోర్డులు చూసి పట్టుబడ్డాయి. తొంభై దగ్గర పడ్డ మా అవ్వకు ఆ బోర్డుల భాగ్యం కూడా లేదు. నోటితో వచ్చే తెలుగు మాత్రం ఆవిడదే గట్టిది.

ఈ జాతి మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. డల్లాస్‌లో కూర్చుని గుంటూరు ఎండను తలుచుకునేవాడు, గుంటూరు వచ్చి డల్లాస్ ఏసీని తలుచుకునేవాడు ఒకడే. కోయంబత్తూరుకు కోడలిగా వెళ్లిన మా చెల్లెలు పుట్టింటికి వస్తే చాలు, అక్కడి సిరువాణి నీళ్ల కథ మొదలుపెడుతుంది. గ్లాసు పక్కకు పెట్టి మరీ చెబుతుంది. కానీ వీళ్లంతా సరదాకు పోల్చేవాళ్లు. మా సార్‌ది వ్రతం.

ఆయన పోలికలో కిటుకు ఒకటుంది, అది తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది. మంచిలోనూ చెడ్డలోనూ గెలవవలసింది బెజవాడే. మేలో మా మదురై 40 డిగ్రీలు దాటి, తారు రోడ్డు చెప్పుకు అంటుకుంటున్న మధ్యాహ్నం, నేను "ఉస్సు" అన్నాను. సార్ జాలిగా నవ్వారు. "నలభై! మాకు నలభై అయిదు దాటుతుందండీ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అన్నారు, ఆ రోళ్లన్నీ ఆయనే దగ్గరుండి పగలగొట్టించినట్టు. మాకు అగ్ని నక్షత్రం మే మొదటి వారంలో మొదలై నెలాఖరుకు అయిపోతుంది. సరిగ్గా ఆ ఆఖరి వారంలోనే ఆయన రోహిణి కార్తె వస్తుంది. మేము "అమ్మయ్య" అని తువ్వాలు దులుపుకునే రోజున ఆయన కుర్చీ ముందుకు లాక్కుని "ఇప్పుడు చూడండి" అంటారు. చూడడానికి ఏమీ ఉండదు. "అదే మా బెజవాడలో అయితే..."

ఎండ దగ్గర ఆయన గెలిచారని మేము ఒప్పుకున్నాం. వాన దగ్గర వచ్చింది తంటా. జూన్ మొదటి వారం దాటగానే, మృగశిర కార్తె అని, ఆయన గొడుగు తీశారు. రోజూ చంకలో గొడుగు పెట్టుకుని బ్యాంకుకు. మబ్బులు మాకూ కనిపిస్తాయి. కానీ నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే కేరళ మీద ఒళ్లు దులుపుకుంటుంది. కొండ దిగి మా దాకా వచ్చేది ఎక్కువగా గాలే. టీకొట్టు ఆసామి ఆయన గొడుగు చూసి మొదటి వారం నవ్వాడు, రెండో వారం ఊరుకున్నాడు, మూడో వారం "సార్‌కు నడుం నొప్పా?" అని నన్ను అడిగాడు. ఆగస్టు, సెప్టెంబరు సాయంకాలాల్లో ఒకటి రెండు ఉరుముల వానలు పడ్డాయి. అవి సార్ లెక్కలో వానలు కావు. విసిగి గొడుగును అటక మీద పడేశారు. మా అసలు వాన ఈశాన్య రుతుపవనంతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దీపావళి నాడు తడవని టపాసు మా పిల్లలు ఎరగరు. ఆ రోజు సార్ బ్యాంకు మెట్ల మీద నెత్తిన చేతిసంచీ పెట్టుకుని నిలబడి, "ఇదేం పద్ధతండీ, పంటలు కోసుకునే వేళ వాన?" అని ఆకాశాన్ని సంజాయిషీ అడిగారు.

నడుమ ఆడి మాసం గాలి. ఆడిగాలికి నూరే అమ్మిరాయి కూడా ఎగురుతుందని తమిళంలో సామెత. ఒకనాడు ఆ గాలికి మేడమీది వాటాలో తలుపులు దబదబలాడుతున్నాయి. సార్ కిందికి వచ్చి, తిన్నె మీద కూర్చున్న అవ్వతో, "మామ్మగారూ, మీ కిటికీలకు కర్టెన్లు క్లోజ్ చేయించండి, డస్ట్ అంతా హాల్లోకి వచ్చేస్తోంది" అన్నారు.

అవ్వ నా వైపు తిరిగింది. "మామ అంటాడేమిరా నన్ను? నేను మామ ఎట్లయితా?"

వాళ్ల వైపు మామ్మ అంటే అవ్వేనని చెప్పాను.

"సరే. ఏమంటాడు?"

"తెర వెయ్యమంటున్నారు. దుమ్ము వస్తోందట."

"ఆ మాట తెలుగులో చెప్పొచ్చు గదా!" అంది అవ్వ.

ఆయన మొహం చూడవలసింది. ఆ రోజు దాకా ఆయన ఉద్దేశం మా తెలుగు చెడిపోయిందని. 'ఆడ', 'ఈడ', 'ఉండాది' వినబడినప్పుడల్లా పంటికింద రాయి పడ్డట్టు చూసేవారు. మా ఇంటికి ఆయన తెచ్చి ఇచ్చిన పెద్దబాలశిక్ష ఇంకా ఉంది. పుస్తకం మంచిదే. చదవగలిగినవాణ్ని ఇంటి మొత్తానికి నేనొక్కణ్నే.

భాష ఆయన్ను మరో దెబ్బ కూడా కొట్టింది. మా బంధువులింట పెళ్లి. మా పెదనాన్న కొడుకు మర్యాదస్తుడు, సార్ చెయ్యి పట్టుకుని, "సార్, మీరు మొదటి పందికే రండి" అని లాక్కుపోతున్నాడు. సార్ శాకాహారి. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. మొహంలో నెత్తురు లేదు. "నేను అలాంటివి తిననండీ" అన్నారు మెల్లిగా. మావాడికి అర్థం కాలేదు. "అయితే రెండో పందికి కూర్చుంటారా?" అన్నాడు. నేను పరుగెత్తుకు వెళ్లి, తమిళంలో పంది అంటే మన బంతి, వరసగా కూర్చుని తినే బంతి, అని విప్పి చెప్పేసరికి సాంబారు చల్లారింది. అరిటాకు ముందు కూర్చున్నాక మళ్లీ ఇంకొకటి. "పచ్చడి వెయ్యి" అన్నారు. పెరుగులో ఏదో కలిపినది గరిటెడు పడింది. మా వైపు పచ్చడి అంటే అదే. ఆయన అడిగిన పచ్చడి కావాలంటే తువైయల్ అనాలి. ఆయన ఆకు మూల ఆ తెల్లటి ముద్దను వేలితో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నెట్టుతూ భోజనం ముగించారు.

ఇంతకీ ఆయన ప్రాణం బియ్యం దగ్గర ఉంది. మొదటి నెల మా ఇంటి ఉప్పుడు బియ్యం అన్నం తిని, "ఇది అన్నమా, గోళీలా?" అని భార్యతో అన్నది పైనుంచి మాకు స్పష్టంగా వినిపించింది. బెజవాడ నుంచి పార్సిలు సర్వీసులో సాంబా మసూరి తెప్పించుకున్నారు. సంచీ ధరకు రవాణా కలిపితే బంగారమే. ఆరు నెలల తర్వాత ఒకరోజు నాతో అంగడికి వచ్చి, గింజ చేతిలో పోసుకుని, పంటికింద వేసుకుని, నివ్వెరపోయారు. "ఇది మా బీపీటీ అండీ!" అంగడతను సంచీ తిప్పి చూపించాడు. దాని పేరు ఆంధ్రా పొన్ని. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204ను, అంటే ఆ సాంబా మసూరినే, ఇక్కడ ఆ పేరుతో అమ్ముతారు, మా తమిళ రైతులే పండిస్తారు. సార్ పొంగిపోయారు. "చూశారా, మీకు తిండి పెట్టేది మేమే."

నోరు మూసుకుని ఉండవలసింది. కానీ మా చిన్నాన్న ఒకాయన వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన మనిషి. ఆయన చెప్పింది నాకు గుర్తుంది. ఆ బీపీటీ తల్లిదండ్రుల్లో ఒకటి జీఈబీ 24. అది వందేళ్ల కిందట కోయంబత్తూరులో తయారైన రకం. ఇంకొకటి మసూరి, మలేషియా నుంచి వచ్చింది. ఈ మాట సార్‌కు చెప్పాను. ఆయన గుప్పిట్లో గింజలు మెల్లిగా సంచీలోకి జార్చి, "అయితే మేనమామ పోలిక కొంచెం ఉండొచ్చు" అన్నారు. అంతకు మించి దిగలేదు.

వాళ్లావిడ మాత్రం ఈ గొడవలో లేదు. వచ్చిన నెలకే ఇక్కడ ఆడవాళ్లకు టౌను బస్సు ఉచితమని కనిపెట్టి, నిలక్కోట్టై పూల మార్కెట్టు దాకా ఎట్లా వెళ్లాలో, మల్లెపూలు ఏ గంటకు చవకో తెలుసుకుంది. కరెంటు బిల్లు రెండు నెలలకొకసారి వస్తుందని, అందులో వంద యూనిట్లు ఉచితమని ఆవిడ చెప్పినప్పుడు సార్ కాగితం ముందూ వెనకా తిప్పి చూసి, ఈ ఒక్క సంగతిలో ఏమీ అనలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రలోనూ ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పుడు మాత్రం పేపరు పట్టుకుని మేడ దిగి వచ్చారు. "మాకూ వచ్చింది!" తమిళనాడులో అది 2021 నుంచీ ఉందని ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆవిడే చెప్పింది.

మదురైలో ఆయన ఏ వంకా పెట్టకుండా మెచ్చుకున్నది తిరుమల నాయకుడి మహలు ఒక్కటే. స్తంభాన్ని కౌగిలించుకోబోయి, చేతులు చాలక, "మనవాళ్లే కట్టారండీ" అన్నారు. విశ్వనాథ నాయకుడు 1529లో మదురై గద్దె మీదికి వచ్చాడు. నాడును 72 పాళెయాలుగా పంచారు. నాయకుల దండుల వెంట, వాళ్లకు ముందూ వెనకా, ఎడ్ల బండ్ల మీద వచ్చిన జనంలో మా పెద్దలూ ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. సార్ లెక్కలో మదురైలో బాగున్నదంతా మనవాళ్లది, బాగులేనిది ఇక్కడి వాళ్లది. మేము ఏ ఖాతాలో పడతామో ఆయన ఇప్పటికీ తేల్చుకోలేదు.

నీళ్ల మాటకు మళ్లీ వస్తాను. ఒక సాయంకాలం ఇద్దరం పెరియార్ కాలవ గట్టు మీద నడుస్తున్నాం. కాలవ నిండుగా ఉంది. చుట్టూ వరి, కొబ్బరి, ఉత్తరాన సిరుమలై కొండ. "కాలవలంటే మా కృష్ణా డెల్టా..." అని మొదలుపెట్టారు. ఈ నీళ్లు ఎక్కడివో తెలుసా అన్నాను. కేరళ కొండల్లో పుట్టి పడమటి సముద్రానికి పోవలసిన పెరియార్ నీళ్లు. 1895లో ఆనకట్ట పూర్తి చేసి, కొండకు సొరంగం తొలిచి, ఇటు తిప్పారు. అంటే ఈ కాలవ కూడా బదిలీ మీద వచ్చిందే. సార్ చాలాసేపు నీళ్లకేసి చూసి, "బదిలీ అయినా ఎలవెన్సు లేదు పాపం" అన్నారు. ఆయనలో హాస్యం ఉందని నాకు తెలిసింది ఆ రోజే.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ మీద పడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సింగ్ నగర్‌లో ఆయన అక్కగారి ఇల్లు నీళ్లలో ఉంది. మేడ మీద రాత్రంతా దీపం వెలుగుతూనే ఉంది, ఫోను మోగుతూనే ఉంది. అయిదు రోజులు ఆయన నోట పోలిక అన్నది రాలేదు. వీధి వీధంతా గమనించింది. టీకొట్టు ఆసామి డబ్బు తీసుకోలేదు. ఆరోరోజు వాళ్లు క్షేమంగా బయటపడ్డారని కబురొచ్చింది. సార్ కిందికి దిగి, కళ్లు తుడుచుకుని, ఇసుకా తుమ్మ చెట్లూ తప్ప ఏమీ లేని మా వైగై వైపు చెయ్యి చూపించి, "ఇదేనా నది?" అన్నారు. మాకు అందరికీ ప్రాణం లేచి వచ్చింది.

కిందటి సంక్రాంతికి ఊరు వెళుతూ అవ్వ దగ్గర సెలవు తీసుకోవడానికి వచ్చారు. అవ్వ ఎప్పుడూ అడగనిది అడిగింది. "నాయనా, ఆడ ఏటి గట్టున ఆ చెట్లు ఇంకా ఉండాయా?"

ఏ చెట్లు అన్నారు సార్.

అవ్వ చెప్పింది. మా వైపు తెలుగు ఇళ్లలో చాలాచోట్ల వినిపించే కథే. కంబళత్తు నాయకులనే తెలుగు కులం సంగతి రాస్తూ తర్‌స్టన్ అనే దొర కూడా 1909లో అచ్చు వేశాడు. ఎవరో రాజు పిల్లను ఇమ్మని అడిగితే, ఇయ్యలేక మనవాళ్లు రాత్రికి రాత్రి బయల్దేరినారంట. వెనక దండు, ముందు ఏరు. అప్పుడు గట్టున ఉన్న కానుగ చెట్లు వంగి వారధి అయినాయంట. అందుకే కానుగ మీద మేము గొడ్డలి పెట్టం. ఇక్కడ దాన్ని పుంగ చెట్టు అంటారు. ఏ ఏరో కథలో లేదు. సార్‌కు మాత్రం అనుమానమే లేదు. "కృష్ణే అయ్యుంటుందండీ" అన్నారు.

పండగ అయిపోయి తిరిగి వచ్చిన రోజు బట్టల పెట్టె ఇంకా మెట్ల దగ్గరే ఉంది. సార్ తిన్నె మీద అవ్వ పక్కన కూర్చుని ఫోను తీశారు. కృష్ణ ఒడ్డున కానుగ చెట్టు. నిటారుగా, ఆకులు నిగనిగలాడుతూ ఉంది. ఎండలో నిలబడి నాలుగు వైపుల నుంచీ తీశారు. అవ్వ ఫోనును కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, ఒక్కొక్క బొమ్మా చూసింది.

"చెట్టు బాగానే ఉండాది నాయనా," అంది ఫోను తిరిగి ఇస్తూ. "కానీ ఇది వంగిన చెట్టు కాదే."