హాస్టల్లో జ్వరమొస్తే వినకూడని మాటలు

వెల్దుర్తి నుంచి డిగ్రీకో ఇంజనీరింగుకో నరసరావుపేట, గుంటూరు, హైదరాబాదు వెళ్ళే పిల్లలకు పచ్చళ్ళు, పొడులు కట్టి పంపుతాం. ఆ తర్వాత హాస్టల్లో ఆటలమ్మో కళ్ళకలకో వచ్చిందని ఫోనొస్తే, కంగారులో తోచిన సలహా చెప్పేస్తాం. ప్రేమతో చెప్పే ఆ సలహాల్లో చాలావరకు చెడ్డవి. పెద్దలు చెప్పకూడనివీ, పిల్లలు వినకూడనివీ కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

“వెంటనే బస్సెక్కి ఇంటికొచ్చెయ్ నాయనా.”

అందరి నోటా ముందుగా వచ్చే మాట ఇదే. అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. ఒంటిమీద పొక్కు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ పక్కవాళ్ళకు అంటుతుంది. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా అంటుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో గుంటూరులో మాచర్ల బస్సెక్కి, మాచర్లలో మళ్ళీ వెల్దుర్తి బస్సెక్కితే, పక్క సీట్లో చంటిబిడ్డ తల్లి ఉండొచ్చు, క్యాన్సరు వైద్యం చేయించుకుని తిరిగొస్తున్న మనిషి ఉండొచ్చు. ఇంట్లో పురిటికొచ్చిన అక్క ఉండొచ్చు. గర్భిణికి సోకితే న్యుమోనియా దాకా పోవచ్చు. సరిగ్గా కాన్పు రోజుల్లో సోకితే పుట్టిన బిడ్డ ప్రాణానికే ముప్పు. ఇంతకుముందు ఆటలమ్మ రాని, టీకా పడనివాళ్ళు ఒకే ఇంట్లో ఉంటే పదిమందిలో తొమ్మిదిమందికి దాకా అంటుకునే జబ్బు ఇది.

ఈ తప్పును మనం పెద్ద ఎత్తున చూశాం. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాదులో చాలా హాస్టళ్ళవాళ్ళు పిల్లల్ని ఖాళీ చేయమన్నారు. పోలీసులు పాసులిచ్చారు. మర్నాడు ఆ పాసులు పట్టుకుని బయల్దేరిన వేలమంది గరికపాడు దగ్గరా, మన పల్నాటి పొందుగల దగ్గరా సరిహద్దులో ఆగిపోయారు. పద్నాలుగు రోజులు క్వారంటైన్లో ఉంటేనే రానిస్తామంది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. హాస్టళ్ళు మూయొద్దని తెలంగాణ ప్రభుత్వం ఆ తర్వాత చెప్పింది. పిల్లలు ఆపాటికే రోడ్డున పడ్డారు. ఎక్కడివాళ్ళను అక్కడే ఉంచి అన్నం పెట్టడం అన్నిటికన్నా తేలిక. ఆ పని మొదటే చేయాల్సింది.

కాబట్టి వార్డెన్ను గట్టిగా అడగాలి: గాలి ఆడే గది ఒకటి విడిగా ఇవ్వండి, చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిపోయిన పిల్లల చేత అన్నం పంపండి, డాక్టరుకు చూపించండి అని. ఇది దయగా ఇచ్చేది కాదు, ఫీజు తీసుకున్నవాళ్ళ బాధ్యత. తల్లికి మనసాగదు, నిజమే. అలాంటప్పుడు ఇంట్లో ఆటలమ్మ వచ్చి తగ్గిన పెద్దవాళ్ళు ఎవరో ఒకరు హాస్టలుకు వెళ్ళి దగ్గరుండాలి. తీసుకురాక తప్పదనుకుంటే మాస్కు పెట్టించి, అద్దాలు దించిన సొంత బండిలో, గర్భిణులూ పసిపిల్లలూ లేని ఇంటికి.

“అటెండెన్స్ పోతుంది, ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని క్లాసుకెళ్ళు.”

చొక్కా పొక్కులను దాస్తుందేమో కానీ గాలిని ఆపదు. కాకినాడ జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరుండాలి. అనారోగ్యానికి సర్టిఫికెట్ చూపితే 65 దాకా తగ్గినా మన్నించే వీలుంది. డాక్టరు చీటీ మొదటిరోజే తీసుకుని భద్రం చేసుకోండి.

“అమ్మవారు పోసింది, మందు వేస్తే కోపమొస్తుంది.”

వేపమండలు గుమ్మానికి కట్టండి, దణ్ణం పెట్టుకోండి, ఎవరూ కాదనరు. కానీ పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వయసులో వచ్చే ఆటలమ్మ చిన్నపిల్లలకు వచ్చినంత తేలిగ్గా పోదు. పొక్కులు మొదలైన 24 గంటల్లోపు డాక్టరు చెప్పి ఎసైక్లోవిర్ మొదలుపెడితే జబ్బు తీవ్రత తగ్గుతుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ వద్దు, ఐబూప్రొఫెన్ కూడా వద్దు. స్నానం మానితే, గోకితే పుండ్లు చీము పడతాయి. ఆయాసం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇంతవరకూ ఆటలమ్మ రాని రూమ్మేట్లు మూడు రోజుల్లోపు, మరీ ఆలస్యమైతే ఐదు రోజుల్లోపు టీకా వేయించుకుంటే చాలామంది తప్పించుకుంటారు. ఇది ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు, కొనుక్కోవాలి. “ఎలాగూ వచ్చేదే, ఇప్పుడే అంటించుకుంటే పీడా పోతుంది” అని ఒకే మంచం మీద పడుకునే కుర్రాళ్ళున్నారు. బాబూ, ఆ పని చేయకండి.

“కళ్ళకలక వచ్చినవాడి కళ్ళలోకి చూడకు.”

చూపుతో ఏదీ అంటదు. అంటేది చేతులతో, తువ్వాలుతో, దిండు గలీబుతో. 2023 వానాకాలంలో రెండు రాష్ట్రాల హాస్టళ్ళలోనూ ఇది విపరీతంగా పాకింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని అదే తువ్వాలు వాడితే ఏం లాభం? చనుబాలు పిండించడం, మందుల షాపువాడిచ్చే స్టెరాయిడ్ చుక్కలు వేయడం ఇంకా హాని.

గవదబిళ్ళలకు మెడలో బంగారు గొలుసు వేస్తే తగ్గదు. వాపు మొదలయ్యాక ఐదు రోజులు వేరుగా ఉండాలి. మగపిల్లలకు వృషణాలు వాచి నొప్పి చేస్తే సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

“దగ్గు సంగతి ఎవరికీ చెప్పకు, రేపు పెళ్ళి కావలసిన పిల్లవి.”

ఈ మాట నన్ను అన్నిటికన్నా బాధపెడుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, బరువు తగ్గడం ఉంటే దగ్గర్లోని పీహెచ్‌సీలో కళ్ళె పరీక్ష ఉచితం, క్షయ అని తేలితే మందులూ ఉచితం. తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు. సరైన మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే ఎదుటివాళ్ళకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మందు మాత్రం కనీసం ఆరు నెలలు వాడాలి. దాచిన రోజులన్నిటా అదే గదిలో పడుకున్న మిగతా ఆడపిల్లలకూ పరీక్ష చేయించాలి. వాళ్ళ అమ్మానాన్నలకు ఆ సంగతి మనమే ఫోన్ చేసి చెప్పాలి.