పర్సెంటు మామ

తిరునిన్రవూరు స్టేషన్లో పొద్దున ఎలక్ట్రిక్ ట్రైను కోసం నిలబడ్డవాళ్ళంతా ఒకరినొకరు అడిగేది ఒకటే, ఫాస్టా స్లోవా అని. మా మామ అడిగేది వేరు. మొన్నొక బడిపిల్లాడు బెంచీ మీద కూర్చుని చాక్లెట్ కాగితం విప్పుతున్నాడు. మామ వాడి మీదికి వంగి, "ఎంత పర్సెంటు?" అన్నాడు. వాడు చాక్లెట్ వెనక దాచి, బెదురుతూ, "తొంభై రెండు సార్, లెక్కల్లో" అన్నాడు. మామ కళ్ళు మెరిశాయి. "తొంభై రెండా! ఏ అంగట్లోరా?"

అప్పటినుంచి ఆయన ఊరందరికీ పర్సెంటు మామ.

మామది తిరుత్తణి పక్క పల్లె. పుట్టినప్పుడు అది చిత్తూరు జిల్లా. బడికి పోయే వయసుకు, 1960లో, తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇల్లు కదల్లేదు, బావి కదల్లేదు, రాష్ట్రం మాత్రం మారిపోయింది. పేరు మార్చుకోవడానికి వస్తువు మారనక్కర్లేదనే సంగతి మామకు అంత చిన్న వయసులోనే ఒంటబట్టిందని నా అనుమానం. ఆవడిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాక షుగరు బయటపడింది. డాక్టరు మైసూర్‌పాకు మానమన్నాడు. మామ మానాడు. నెల తిరక్కుండానే ఎవరో ఫోనుకు పంపిన ముక్క చదివాడు: డార్క్ చాక్లెట్ గుండెకు మంచిది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అంటారు. ఇక్కడ వైద్యుడు ఇవ్వకపోయినా ఫోను ఇచ్చింది. ఆ రోజునుంచి మా మామ తీపి తినడు. మందు వేసుకుంటాడు.

మందు కాబట్టి తినే తీరు కూడా మారింది. మైసూర్‌పాకు రోజుల్లో అత్త చూడకుండా తినేవాడు. ఇప్పుడు అత్త ఎదుటే గడియారం చూసి, గ్లాసుడు నీళ్ళు పక్కన పెట్టుకుని, ముక్క విరిచి, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంటాడు. ఎనభై అయిదు పర్సెంటు కోకో కాబట్టి చేదు. ముఖం చిట్లిస్తాడు. ఆ చేదు విరగడానికి చిన్న బెల్లం ముక్క. అదెందుకని అడిగితే, "ఐరన్‌కప్పా!"

ఆ బెల్లం తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటికి తెచ్చింది. ఆ స్వామిని వైద్య వీరరాఘవుడంటారు. కోనేటి పేరు హృత్తాపనాశిని. అందులో బెల్లం వేస్తే, అది కరిగినట్టే ఒంట్లో రోగం కరుగుతుందని జనం నమ్మకం. అత్త అరకిలో కొంటే కోనేటి దాకా పావుకిలోనే చేరుతుంది. "కోనేట్లో కరిగితే ఏమి, నోట్లో కరిగితే ఏమి, కరగడం కదా ముఖ్యం!" అంటాడు మామ.

మామకు శాస్త్రం తెలియదనుకుంటే పొరపాటు. కోకో గింజలో ఫ్లేవనాల్స్ అనే పదార్థాలుంటాయని, అవి రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచి, నాళాలను సాగేలా చేస్తాయని ప్లాట్‌ఫారం మీదే పాఠం చెబుతాడు. అందులో అబద్ధం లేదు. 2012లో యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా, రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ నాళాల సాగే గుణానికి తోడ్పడతాయని ఒప్పుకుంది. ఆ పాటి ఫ్లేవనాల్స్ కావాలంటే వాటిని దండిగా నిలిపి ఉంచిన చాక్లెట్ పది గ్రాములు చాలు. మామ రోజూ తినేది వంద గ్రాముల పలక. "ఇది పది రోజుల మందు కదా మామా?" అంటే, "రేపు మరిచిపోతే?" అన్నాడు. మరిచిన రోజు ఇంతవరకు రాలేదు.

అంకెలంటే మామకు ప్రాణం, తనకు పనికొచ్చే అంకెలైతే. అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దవాళ్ళ మీద జరిగిన కాస్మోస్ అనే కోకో పరిశోధన ఫలితం 2022లో వచ్చింది. గుండెజబ్బుతో చావులు 27 శాతం తగ్గాయన్నది మామ నోట ఎప్పుడూ ఆడుతుంటుంది. గుండెపోట్లు, పక్షవాతాలు అన్నీ కలిపి చూసిన అసలు లెక్కలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదన్న సంగతి ఆ నోట రాదు. పైగా వాళ్ళు మింగింది కోకో సారపు మాత్రలు. చాక్లెట్ కాదు, చక్కెర లేదు, వెన్న లేదు. ఇది గుర్తుచేస్తే మామ జాలిగా చూసి, "పాపం, మాత్రలకే అంత ఫలితముంటే!" అన్నాడు.

2012లోనే ఒక పేరున్న వైద్య పత్రికలో ఒకాయన 23 దేశాల లెక్క వేశాడు. చాక్లెట్ ఎక్కువ తినే దేశాలకు నోబెల్ బహుమతులు ఎక్కువట. మామ దాన్నీ పట్టుకున్నాడు. రెండూ జతగా పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని కాదు. డబ్బున్న దేశాలకు చాక్లెట్టూ ఉంటుంది, ప్రయోగశాలా ఉంటుంది. నేను వదలకుండా, "నోబెల్ వచ్చిన రామన్, చంద్రశేఖర్ ఇద్దరూ మన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివినవాళ్ళే, వాళ్ళు డార్క్ చాక్లెట్ తిన్నారా మామా?" అన్నాను. "తినుంటే ఇద్దరికీ ఇంకోటి వచ్చుండేదప్పా!"

2015లో జాన్ బొహానన్ అనే విలేకరి, చాక్లెట్ తింటే సన్నబడతారని కొద్దిమంది మీద కావాలనే అరకొర పరీక్ష చేసి, ప్రచురించి, పత్రికలన్నీ దాన్ని ఎత్తుకున్నాక అది బూటకమని తనే బయటపెట్టాడు. ఆ మాట చెబితే మామ కాసేపు ఆలోచించాడు. "మోసం చేసి తానే ఒప్పుకున్నాడంటే ఎంత నిజాయితీపరుడు! చాక్లెట్ తినకుండా అంత మంచి గుణం వస్తుందా?"

ఆయన్ని ఓడించింది మనవరాలొక్కతే. "తాతా, అట్ట మీద పర్సెంటు కోకోది. అందులో కోకో వెన్న కూడా కలిసే ఉంటుంది. ఫ్లేవనాల్స్ ఎన్నున్నాయో ఆ అంకె చెప్పదు. చేదు తగ్గాలని క్షారం కలిపితే అవి చాలావరకు పోతాయి. నువ్వు తినే పలకలో ఆరువందల క్యాలరీలు మాత్రం ఖాయం" అంది. మామ ఆ రాత్రి మందు వేసుకోలేదు. తెల్లారి రెండు ముక్కలు ఎక్కువ వేసుకున్నాడు, నిన్నటి బాకీ కింద.

ఆరువందల క్యాలరీలు కరగాలంటే నడవాలి. మామ నడుస్తాడు, మనసులో. తిరుత్తణి కొండకు సంవత్సరంలో రోజుకొకటిగా 365 మెట్లు. "రోజూ ఎక్కుతాండా" అంటాడు, ఈజీచైర్లోంచి.

మా ఊళ్ళో హృదయాలీశ్వరుడి గుడి ఉంది. పూసలార్ అనే నాయనారు చేతిలో కాసు లేక మనసులోనే పునాది తవ్వి, రాయి మీద రాయి పేర్చి గుడి కట్టాడట. కంచిలో పల్లవరాజు రాతిగుడికి కుంభాభిషేకం పెట్టుకున్న రోజే ఈయన మనసుగుడికీ ముహూర్తం. శివుడు రాజు కలలోకొచ్చి, ఆ రోజు నాకు తిరునిన్రవూరులో పనుంది, నీది వాయిదా వేసుకో అన్నాడట. గుండెజబ్బున్నవాళ్ళు ఇప్పటికీ ఆ గుడికి మొక్కుకుంటారు. "మనసులో గుడి కట్టినాయన దగ్గరికే స్వామి వచ్చినాడు. మనసులో కొండెక్కినాయన్ని కాదంటాడా?" అని మామ వాదన. "ఆయన రాయి మోసినాడు కాబట్టి వచ్చినాడు. మీరు బొజ్జ మోస్తాండారు" అంది అత్త.

పోయిన చిత్తిరై నెలలో మామ, అత్త, నేను ఆ గుడికే పోయాం. బయట రాళ్ళు కాలుతున్నాయి. కోకో వెన్న ముప్పై నాలుగు డిగ్రీలకే కరుగుతుంది. మా ఎండ ఆ అంకెను ఎప్పుడో దాటేస్తుంది. మామ దండం పెట్టి కళ్ళు తెరిచేసరికి, తెల్లచొక్కా ఎడమ జేబు దగ్గర నల్లగా, ఎర్రగా ఏదో కారుతోంది. పక్కనున్న ముసలమ్మ చూసి, "అయ్యో, గుండె! ఎవరైనా రండయ్యో!" అని కేకేసింది. నలుగురు పరుగెత్తుకొచ్చి మామను కూర్చోబెట్టారు. ఒకాయన విసురుతున్నాడు, ఒకాయన నీళ్ళు చల్లుతున్నాడు. మామ చెయ్యెత్తి, గంభీరంగా, "భయపడొద్దమ్మా, ఎనభై అయిదు పర్సెంటు" అన్నాడు. ముసలమ్మ చెంపలేసుకుంది, "నాళాలు అంత పూడుకుపోయాయా?"

అత్త కొంగు తడిపి మరక తుడవబోయి, మధ్యలో ఆగిపోయింది.

"పోనీలెండి, ఇన్నాళ్ళకు మందు గుండె దాకా చేరింది."