నా బల్లపై కూర్చున్నవారు

నా ముఖము 1666 నాటిది. లోపలి అవయవములు మాత్రము తరమున కొక తీరున మారుచు వచ్చినవి గనుక, నీ వయస్సెంత యని యెవరైన అడిగినచో దేనిని లెక్కించి చెప్పవలెనో నాకే తోచదు. ఇంగ్లండు దేశమున సెవెర్న్ నదీతీరముననున్న గ్లౌస్టర్ నగరపు కెథీడ్రలులో, సామాన్యజనులు కూర్చుండు పడమటి విశాలమంటపమునకును, గాయకులును గురువులును కూర్చుండు తూర్పుభాగమునకును నడుమ నొక రాతి అడ్డుగోడ కలదు. దానిపై ఆర్గనునైన నా నివాసము. థామస్ హారిస్ నిలిపిన కొయ్యమందసమును, రంగులద్దిన ముందువరుస గొట్టములును నేటికిని నా అలంకారములే. 1847లో హెన్రీ విల్లిస్ అను పాతికేండ్ల ప్రాయపు యువకుడు నన్ను విప్పి మరల కట్టెను. అటుపిమ్మట ఆంగ్లదేశపు ఆర్గను నిర్మాతలలో అగ్రగణ్యుడైన ఆ మహాశయుడు, నా పనికి ముట్టిన 400 పౌనుల ధైర్యముతోనే పెండ్లియాడితినని చెప్పుకొనెడివాడు. ఒక గృహస్థుని సంసారమునకు మూలధనమైతి నన్న గర్వము నాకును లేకపోలేదు. 1971లో మరియొకమారు నన్ను సమూలముగా మార్చిరి. ఆ వృత్తాంతమును విప్పినచో అది యంత్రశాస్త్రమగును గాని ఆత్మకథ కాజాలదు. నేను చెప్పదలచినది నా బల్లపై కూర్చుండి విద్య నేర్చిన పిల్లల సంగతి.

తెలుగునాట ఆరాధనలలో మ్రోగు హార్మోనియమును మీ రెరుగుదురు. దానిని వాయించువాడు ఒక చేత తిత్తి నాడించుచు, మరియొక చేత మెట్లు నొక్కుచు, తానే పాడుకొనును. నా విషయమున నది చెల్లదు. నా మెట్లవరుసలు ఒకదానిపై నొకటిగా నమర్చబడియున్నవి. రెండు చేతులును వానిపై రెండు దారుల నడచుచుండగా, పాదములు క్రిందనున్న పెడల్ వరుసపై మూడవ దారి త్రొక్కవలెను. ఆ నడుమనే చేయి సాచి, ఏ గొట్టముల బృందము పలుకవలెనో ఏది మౌనము వహింపవలెనో నిర్ణయించు కొయ్యగుబ్బలను లాగుటయు, లోనికి త్రోయుటయు జరుగుచుండవలెను. మిక్కిలి చిన్న గొట్టము మొదలు మిక్కిలి పెద్ద గొట్టము వరకు నాలో పలుకనివి లేవు. విద్యుచ్ఛక్తి రాకపూర్వము నాకు ఊపిరి పోయుటకు వేరొక మనుష్యుడు తిత్తు లూదవలసియుండెను గావున, ఆ కాలపు శిష్యునకు అభ్యాసము చేయవలెనన్న మరియొకని చెమటకు వెల చెల్లింపక తప్పెడిది కాదు.

క్రొత్తగా వచ్చిన శిష్యుని నేను పాదములనుబట్టియే గుర్తింతును. వీధిలో తిరిగిన జోళ్లతో నా యొద్దకు రారాదు. పలుచని తోలు అట్టయు, కొంచె మెత్తైన మడమయు గల జోడొకటి యీ పనికే వేరుగా నుండును. దానిని తొడిగికొని, బల్లపై మెల్లగా జరిగి కూర్చున్న పిల్లవాడు మొదటి దినమున తప్పక క్రిందికి తొంగిచూచును. ఆ చూపును మాన్పించుటయే తొలిపాఠము. పెడల్ వరుసలో ఎత్తైన మెట్లు రెండేసియు మూడేసియు గుంపులై యుండును. గుంపునకును గుంపునకును నడుమ కొంత ఎడ మున్నది. పాదపు కొనను ఆ ఎడములోనికి జార్చి, అంచు తగిలిన చోటునుబట్టి తానెక్కడ నున్నది గ్రహించి, బొటనవ్రేలి ప్రక్కతో కావలసిన మెట్టును త్రొక్కవలెను. మోకాళ్లు రెండును కలసియుండవలెను. మునివ్రేళ్లును మడమయు వంతులవారీగా పనిచేయవలెను. స్వరకర్తయగు బాహ్ మహాశయుడు తన పెద్దకుమారుడగు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ శిక్షణకై కూర్చెనని ప్రసిద్ధిగల 6 త్రిస్వర సొనాటలు కలవు. కుడిచేయి, ఎడమచేయి, పాదములు అను ముగ్గురు సమానులు ఒకరినొకరు లెక్కచేయకయు, ఒకరినొకరు విడువకయు సంభాషించు రచనలవి. వానిలో నొకదానిని తడబడక వాయించిన పిల్లవానిని నేను మర్యాదగా చూతును.

అయినను వ్రేళ్లును పాదములును లొంగినంతమాత్రమున విద్య వచ్చినట్లు కాదు. వాయించువాడు గాయకులకు వీపు చేసి కూర్చుండును. క్రింద గాయకబృందనాయకుని చేతికదలిక యొక చిన్న అద్దములో వ్రేలెడంత కనబడెడిది. పడమటిమంటపపు కొననున్న జనులు పాడిన పాట ఆ పొడవంతయు నడచి పైకి వచ్చునప్పటికి ఒకింత ఆలస్యమగును. అనుభవము లేనివాడు వారి గొంతు చెవిని పడువరకు నిలుచును. వారు నా గొంతుకై నిలుతురు. ఇరువురును ఒకరికొకరు మర్యాద చూపుకొనుచు చరణమునకు చరణము మందగించి, కడపటి చరణమునకు పాట పడకవేయును. చెవి చెప్పినదానిని నమ్మక, కంటికి కనబడిన చేతిని నమ్మి, ధ్వనికన్న ముందు నడచుట నేర్వవలెను. తాను వాయించునది తనకు సరిగా వినబడకుండగనే ఇతరులకు సరిగా వినబడునట్లు వాయించు ఈ విద్య యెంత క్రూరమైనదో, గదిలో పియానో ముందు పెరిగిన పిల్లలకు నా యొద్దకు వచ్చినపిమ్మటనే తెలియును.

దీనికంటెను కష్టతరమైనది కీర్తనలకు తోడువాయించుట. ఆంగ్లేయుల ప్రార్థనాగ్రంథమున 150 కీర్తనలను నెలలోని 30 దినములకు ఉదయసాయంకాలములుగా పంచియుంచినారు. 15వ నాటి సాయంకాలమునకు 78వ కీర్తన యొక్కటియే వచ్చును. దానికి 73 చరణములు. పాడుబాణీ చూడబోయిన కొలది స్వరసముదాయములు మాత్రమే. మొదటిదానిని పట్టుకొని, చరణమునందలి మాటలెన్ని యున్న అన్నియు దానిపై పలికించి, చివర కొలది మాటలకు కదలుట దాని పద్ధతి. మాటలు కొన్నియెడల అయిదు, కొన్నియెడల పదునైదు. కనుక స్వరములను చూచి వాయించువాడు మునుగును. మాటలను తనలో తాను పలుకుకొనుచు వాయించువాడే ఒడ్డు చేరును. ఇంతలో ఆ కీర్తన ఐగుప్తుదేశపు తెగుళ్ల కథను చెప్పును: నెత్తురైన నదులు, ఈగలు, కప్పలు, వడగండ్లు; ఇవి గాక ఆకాశమునుండి కురిసిన మన్నా, ఇసుకరేణువులవలె రాలిన పక్షులు. పదునెనిమిదేండ్ల పిల్లవానికి నాలోని వేలాది గొట్టములను అప్పగించి, వడగండ్లను గూర్చిన చరణమును ముందుంచినచో ఏమి జరుగునో చెప్పనక్కరలేదు. కప్పలకొక గొంతు, ఈగలకొక గొంతు, ఉరుముల కన్నియు! క్రింద పాడుచున్న పదేండ్ల బాలురు నవ్వాపుకొనలేక చతికిలబడుదురు. రెండవయేట అదే శిష్యుడు వడగండ్లకు పెడల్‌లో ఒక్క గొట్టపువరుసను మాత్రము కలిపి, మిగిలినదంతయు మాటలకే విడిచిపెట్టును. నా యెరుకలో ఆర్గనిస్టు పుట్టునది ఆ దినముననే. పరీక్షలును పట్టములును తరువాతివి.

హెర్బర్ట్ బ్రూవర్ 1896 మొదలు 1928 వరకు నా అధిపతి. ఆ కాలమున శిక్షణ గురుకులపద్ధతిని జరిగెడిది: శిష్యుడు ఒడంబడికపత్రము వ్రాసి, రుసుము చెల్లించి, గురువునకు అంకితుడై, పుటలు త్రిప్పుట, గుబ్బలు లాగుట, స్వరప్రతులు వ్రాయుట, బాలగాయకులకు పాఠము చెప్పుట, గురువు లేనినాడు ఆరాధన నిర్వహించుట వరకు సమస్తమును చేయుచు విద్య గ్రహించును. ఐవర్ గర్నీ యీ నగరపు దర్జీ కుమారుడు. బాలగాయకుడై యిచ్చటనే పెరిగి, పిదప శిష్యుడయ్యెను. హెర్బర్ట్ హవెల్స్ లిడ్నీ పట్టణమునుండి వచ్చినవాడు. తండ్రి వ్యాపారమున దివాలాయెత్తగా, ఆ ప్రాంతపు ప్రభువొకడు చదువునకు ధనసహాయము చేసెను. తరువాత నాటకరంగమున పేరుమోసిన ఐవర్ నొవెల్లోయు కొంతకాలము ఆ గురువువద్దనే నేర్చెను. ముగ్గురు తిన్నది ఒకే కంచములోని కూడు. ఒంటబట్టినది మాత్రము ఒక్కటి కాదు.

1910 సెప్టెంబరు 6వ తేదీ రాత్రి నాకు మరపురానిది. గ్లౌస్టర్, హెరెఫర్డ్, వూస్టర్ కెథీడ్రళ్ల గాయకబృందములు మూడును వంతులవారీగా జరుపు సంగీతోత్సవము ఆ యేడు మా యింట వచ్చెను. వాన్ విలియమ్స్ అను స్వరకర్త పూర్వస్వరకర్తయగు టాలిస్ బాణీపై తంత్రీవాద్యములకు తాను నూతనముగా కూర్చిన ఫాంటేసియాను తానే నిర్వహించెను. దానిలో నాకు పని లేదు, నే నూరకుంటిని. కాని ఆ రచన వినుచున్నంతసేపును ఎవరో నా రహస్యములను దొంగిలించిరన్న అనుమానము నన్ను విడువలేదు. పెద్దబృందము పలుకగా దూరమునుండి చిన్నబృందము మారుపలుకుట, నలుగురు మాత్రము ఏకాంతముగా మాటాడుట, అన్నియు నా మెట్లవరుసలు తమలో తాము జరుపు వ్యవహారములే గదా! హవెల్స్‌కు నాడు పదునేడేండ్లు, గర్నీకి ఇరువది. ఇంటికి పోయి నిదురింపజాలక ఆ యిరువురును రాత్రివేళ వీధులవెంట తిరిగిరని తరువాత లోకమంతయు చెప్పుకొనెను. ఆర్గను విద్యార్థులకు ఆర్గను లేని సంగీతము దారి చూపుట నాకు కొంచెము చిన్నతనముగానే యుండెను, అసత్యమాడి ప్రయోజనమేమి?

ఇరువురును లండనులోని రాజసంగీతకళాశాలకు వెడలిరి. గర్నీ యుద్ధమునకు పోయి, 1917లో భుజమున గుండు తగిలి, ఆ యేటనే విషవాయువునకు గురియై, కవియు స్వరకర్తయునై తిరిగివచ్చెను. 1922 మొదలు 1937లో కన్నుమూయువరకు పదునైదేండ్లు మానసికచికిత్సాలయములలోనే గడచినవి. సెవెర్న్ తీరపు పచ్చికబయళ్లను అతడంత ప్రేమించినవాడు మరియొకడు లేడు. నొవెల్లో యుద్ధకాలమున కట్టిన పాట యింటింట మ్రోగినది. పిదప అతడు చలనచిత్రములలో కథానాయకుడాయెను. హవెల్స్ ప్రఖ్యాత స్వరకర్తయై, 1946లో ఈ మందిరముపేరనే సాయంకాల ఆరాధనకు సంగీతము కూర్చెను. అందులో స్వరములు ఒకదాని తోకను మరియొకటి త్రొక్కకుండ నడచుతీరు చూచిన, మా రాతికప్పు ప్రతిధ్వనిని అతడు బాల్యముననే కొలిచి పెట్టుకొనెనని తెలియును.

లోకము ఈ ముగ్గురినే స్మరించును. నా పక్షపాతము నాల్గవవానిపైన. హెర్బర్ట్ సంషన్ 1899లో ఈ పట్టణముననే పుట్టి, ఇచ్చటనే బాలగాయకుడై, బ్రూవర్‌కే శిష్యుడై, యుద్ధసేవ ముగించి, అమెరికాలోని ఫిలడెల్ఫియాకు పోయి కర్టిస్ విద్యాలయమున పాఠములు చెప్పి, 1928లో గురువు హఠాత్తుగా మరణింపగా ఆ స్థానమునకు వచ్చెను. ఇరువదితొమ్మిదేండ్ల వాడు ఆ యేటి సంగీతోత్సవమునంతటిని తలకెత్తుకొనెను. అది మొదలు 1967 వరకు నా బల్ల అతనిదే. వర్షము కురిసి ఆరాధనకు ముగ్గురో నలుగురో వచ్చిన మంగళవారమునందును, రాజప్రతినిధులు కూర్చున్న పండుగనాడును కీర్తనకు ఒకే శ్రద్ధతో తోడువాయించినవాని జీవితచరిత్రను ఎవరు వ్రాయుదురు? శిక్షణకు ఫలము కీర్తియని తలచువారు హవెల్స్‌ను చూపుదురు. నన్నడిగినచో సంషన్‌ను చూపుదును. 1935లో తొమ్మిదేండ్ల కుమారుని పోగొట్టుకొన్న హవెల్స్, ఆ దుఃఖమున వ్రాసిన హిమ్నస్ పారడైసీ అను సంగీతరచనను ఏండ్లకొలది పెట్టెలో దాచగా, దానిని వెలికితీయించిన మిత్రులలో సంషన్ ఒకడు. 1950 సెప్టెంబరులో ఈ మంటపముననే రచయిత స్వయముగా దానిని నిర్వహించెను. ఆనాడు నాకును పని కలిగెను.

ఒడంబడిక శిష్యుల కాలము గతించినది. ఇప్పుడు విశ్వవిద్యాలయమునకు పోవుటకు ముందో, పోయివచ్చిన పిదపనో ఆర్గన్ స్కాలర్లను పేర యువకులును యువతులును ఒకటి రెండేండ్లు కెథీడ్రళ్లలో నేర్తురు. 1991లో సాల్స్‌బరీలో బాలికల గాయకబృందము ఆరంభమైన తరువాత తక్కిన కెథీడ్రళ్లును ఒక్కటొక్కటిగా ఆ దారి పట్టినవి. అద్దమున్న చోటికి చిన్న తెర వచ్చినది. మారని పని యొకటి యున్నది. దానిని ఏ స్కాలరును తన పత్రములలో వ్రాసికొనడు. శ్రుతి సరిచేయువాడు నా పొట్టలోనికి దిగి, దుమ్ములో నిచ్చెనపై నిలిచి, నాలుకగొట్టములలో ఒక్కొక్కదాని తీగను చిన్న ఇనుపకడ్డీతో తట్టుచుండగా, బల్లపైనున్న శిష్యుడు ఒక మెట్టును నొక్కిపట్టి, లోపలినుండి కేక వచ్చినప్పుడు తరువాతి మెట్టునకు జరుగవలెను. గంటలు గడచును, పాట లేదు, తాళము లేదు, ఒక్కొక్క గొట్టమే వణకుచు వంకర తీరి నిలుకడకు వచ్చుట వినుచుండుటయే. వేసవియెండకు నాలుకగొట్టములు తక్కిన గొట్టములతో శ్రుతి కలియవని, ఎడమప్రక్కనున్న నా వేణుగొట్టములలో నొకటి ఆలస్యముగా నోరు తెరచునని అప్పుడు తెలిసికొన్న శిష్యుడు మరల నన్ను తొందరపెట్టడు. శ్రుతి సరిచేయువాడు వచ్చేవారము రానున్నాడట. మెట్లు పట్టుకొనుటకు ఈ యేటి అమ్మాయి వచ్చునో, బాహ్‌ను అభ్యసింపవలెనని తప్పించుకొనునో చూడవలెను.