సెంట్రల్ పక్కనున్న ఎర్ర మేడను నేను

మద్రాసు సెంట్రల్‌లో రైలు దిగిన తెలుగువాళ్లు తరతరాలుగా నా ముందునుంచే పోతున్నారు. పక్కనున్న తెల్లటి రిప్పన్ బిల్డింగును పిల్లలకు చూపిస్తారు. నన్ను చూపించేవాళ్లు అరుదు. నేను విక్టోరియా పబ్లిక్ హాలును. ఆ తెల్లమేడ కంటే వయసులో పెద్దదాన్ని.

1883 డిసెంబరులో నాకు శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనందగజపతి, గురజాడను ఆదరించిన ప్రభువు. ఊరివాళ్లు నలుగురూ కూడటానికి చోటు కావాలని పెద్దలు చందాలెత్తారు. చిషోమ్ దొర నమూనా గీశాడు, నంబెరుమాళ్ చెట్టి కట్టించాడు. కింద ఒక హాలు, మీద ఒక హాలు, ఒక్కోదాంట్లో ఆరువందల మందికి చోటు, చెక్క గ్యాలరీ వేరే. నా ఒంటి గురించి ఈ మాత్రం చాలు.

నా గర్వమంతా 1891లో ఉంది. ఆ ఏడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారి నుంచి తన సరస వినోదినీ సభను వెంటబెట్టుకొచ్చి నా రంగం మీద తెలుగు నాటకాలాడించారు. వేషాలు కట్టినవాళ్లు చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు. నాటకాన్ని మర్యాదస్తులు చిన్నచూపు చూసే రోజులవి. చూడవచ్చినవాళ్లలో పమ్మల్ సంబంధ ముదలియార్ అనే తమిళ యువకుడున్నాడు. అంతవరకూ తమిళ నాటకమంటే గిట్టనివాడు, ఆ ప్రదర్శనలతో మారిపోయాడు. అదే ఏడు మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. నేటి తమిళ నాటకరంగం ఆయన్ని పెద్దదిక్కుగా తలుచుకుంటుంది. ఆ దీపాన్ని వెలిగించింది తెలుగు నాటకం. ఆచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా తర్వాత సుగుణ విలాస సభ నాటకాల్లో నటించాడు. మైకుల్లేని కాలం, నటుడి గొంతు గ్యాలరీ చివరి వరసకు చేరాలి, చేర్చే బాధ్యతలో నాకూ వాటా ఉండేది.

1897 ఫిబ్రవరిలో వివేకానందులు నాలో ప్రసంగించారు. దాదాపు ఆ రోజుల్లోనే స్టీవెన్‌సన్ అనే ఫొటోగ్రాఫరు ఇక్కడ కదిలే బొమ్మలు ఆడించాడు. మద్రాసు మొదటిసారి సినిమా చూసింది నా గోడల మధ్యే.

ఆ సినిమాయే నెమ్మదిగా నా జనాన్ని పట్టుకుపోయింది. దానిమీద నాకు కోపం లేదు. కోపమంతా నన్ను చేతిలో పెట్టుకుని మరిచిపోయినవాళ్ల మీద. 1886లో ఈ నేలను నన్ను నడిపే పెద్దలకు, గ్రౌండనే మద్రాసు కొలతకు ఏడాదికి ఎనిమిదణాల చొప్పున తొంభై తొమ్మిదేళ్లకు కౌలుకిచ్చారు. ఊరందరూ కూర్చుని వినడానికని అంత చవగ్గా ఇచ్చిన నేల అది. కాలం గడిచేకొద్దీ నా ఆవరణలో దుకాణాలు వెలిశాయి, హోటలు వెలిసింది. రోడ్డు మీదివాళ్లకు నా ముఖం కనబడకుండా పోయింది. వాన నీరు సున్నంలోకి దిగింది, చెక్కలు పుచ్చాయి. నాకోసం పెద్దలు కోర్టు మెట్లెక్కి వాదించుకుంటుంటే నా తలుపులకు తాళాలే మిగిలాయి. కూలిపోయినా ఒక రోజు ఏడ్చి ఊరుకునేవారేమో; నిలబడే ఉన్నదాన్ని ఎవరూ పలకరించకపోవడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. పొరుగున మెట్రో కోసం నేల తవ్వినప్పుడు ఇంకెన్నాళ్లుంటానో అనుకున్నాను.

ఎట్టకేలకు కార్పొరేషన్ మరమ్మతులకు పూనుకుంది. సున్నం కలిపే పనివాళ్లను చూస్తే ప్రాణం లేచొచ్చింది. వాళ్ల మేలు మరువను. కానీ నన్ను చూసి వెళ్లిపోయేవాళ్లతో నాకు తనివి తీరదు. కుర్చీలు వేయండి. బళ్లారి నుంచో విజయనగరం నుంచో ఒక బృందాన్ని పిలిపించి, ఆచార్యులవారి చిత్రనళీయం ఒక్కసారి నా రంగం మీద ఆడించండి.