ఊరికి రెండు క్రెడిట్లు

మన ఊళ్లకు మంచి రోజులొచ్చాయి. ఇన్నాళ్లూ కూలిన బురుజు, పూడిన బావి, పగిలిన గడి గోడ అనుకున్నవాటికి ‘పట్టణ వారసత్వం’ అని పేరు పెట్టారు. పేరు పెట్టినాక ఊరుకుంటారా? డిగ్రీలో పర్యాటకం, వారసత్వం అని ఓ కోర్సు, ఆ కోర్సుకు రెండు క్రెడిట్లు, చివర్లో సర్టిఫికెట్. ఊరినే పాఠంగా చదివిస్తారట. ఆలోచన దివ్యంగా ఉంది. ఇబ్బందల్లా ఊరు తరగతి గదిలో పట్టదు. అందుకని దాన్ని పీపీటీలో కుక్కారు.

ఏ ఒక్క కాలేజీనో వేలెత్తి చూపడం లేదు. ఈ నమూనా ఎక్కడైనా అతుకుతుంది. మొదటి యూనిట్లో పర్యాటకానికి నిర్వచనం. రెండో దాంట్లో రకాలు: సాహస, వైద్య, ఆధ్యాత్మిక, పర్యావరణ పర్యాటకాలు. మూడోది చార్మినార్, గోల్కొండ, రామప్ప. నాలుగోది ‘స్థానిక వారసత్వం’. అక్కడికొచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది. క్షేత్ర పర్యటన లేదా అంటే, ఎందుకుండదు? తెల్లవారుజామున బస్సెక్కి ఫిల్మ్ సిటీకి పోతారు. అట్ట కోట ముందు ఫొటో దిగొచ్చి రాతి కోటల మీద రిపోర్టు రాస్తారు.

పైవాళ్లూ తక్కువ తినలేదు. 2020 జాతీయ విద్యావిధానం దేశంలో వంద పర్యాటక స్థలాలను గుర్తించి, విద్యార్థులను అక్కడికి పంపి చదివించమంది. ఇంత దేశానికి వందే అంటే, ఆత్మకూర్ లాంటి ఊరి వంతు ఎన్నో తరానికొస్తుందో మీరే లెక్కేసుకోండి. అందాకా ఆత్మకూర్ పిల్లలు ఇతరుల ఊళ్లు చూసొస్తూ ఉండాలి.

అసలు ఆ ఊళ్లో ఏముంది? ఇప్పుడు వనపర్తి జిల్లాలో, 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఆత్మకూర్, నిజాం ఏలుబడిలో అమరచింత సంస్థానానికి రాజధాని. ముక్కెర వారు పాలించారు. గద్వాల, వనపర్తులకు వచ్చిన తిరుపతి వేంకట కవులు ఈ గడపా తొక్కారు. ఆనాడు సంస్థానంలో సన్మానం కావాలంటే పండితుడు సభలో నిలబడి నెగ్గాలి. ఈనాడు సర్టిఫికెట్‌కు హాజరు శాతం చాలు.

ఈ ఊరి మీద ప్రాజెక్టు ఇచ్చి చూడండి. పిల్లవాడు చేసే మొదటి పని ఫోన్లో ఊరి పేరు కొట్టడం. నంద్యాల జిల్లా ఆత్మకూరు వస్తుంది, దాని వెంట నల్లమల వస్తుంది, నల్లమల వెంట పెద్దపులి వస్తుంది. నెల్లూరు ఆత్మకూరు తోడవుతుంది. సూర్యాపేట, యాదాద్రి జిల్లాల ఆత్మకూర్‌లు వరుసలో నిలబడతాయి. అన్నీ కలిపి స్పైరల్ బైండింగ్ చేయిస్తే ‘ఎ’ గ్రేడు ఖాయం. జూరాల పక్క ఊళ్లోకి పులి ఎట్లా వచ్చిందని అడిగేవారుండరు. అడగాలంటే ముందు చదవాలి కదా!

ఈ ఊరితో ముడిపడిన కురుమూర్తి స్వామి జాతర కార్తీకంలో జరుగుతుంది. స్వామివారి నగలు ఆత్మకూర్ బ్యాంకులో భద్రంగా ఉంటాయి, అలంకారోత్సవానికి అక్కణ్నుంచే ఊరేగింపుగా కదులుతాయి. స్వామి పాదాలకు ఉద్దాలు, అంటే తోలు పాదుకలు, చిన్న వడ్డెమాన్‌లో తయారవుతాయి. తోలుపని తెలిసిన దళితుల చేతుల్లోంచి వచ్చిన ఆ ఉద్దాలను జనం తలకు తాకించుకుంటారు. మిగతా రోజుల్లో ఆ చేతులకు దక్కే మర్యాద ఎంతో కూడా ఆ పక్కనే కనిపిస్తుంది. రాజరికం, బ్యాంకు లాకరు, కులం, కళ, అంగళ్లు, ట్రాఫిక్, చెత్త అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. రెండేళ్లు చెప్పినా తరగని పాఠం. కానీ ఏం చేస్తాం, కార్తీకంలో ఇంటర్నల్ పరీక్షలుంటాయి!

పాలమూరులో, అంటే ఆ పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇంకో తమాషా ఉంది. ఇక్కడ కాలేజీలే కోటల్లో నడుస్తాయి. మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరిట ఉన్న గద్వాల డిగ్రీ కాలేజీ కోట లోపలే ఉంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ ఉంది. బోర్డు తగిలించిన గోడే అక్కడ పాఠం. ఆ గోడకు ఏ సున్నం వాడారు, చెమ్మ ఎటునుంచి ఎక్కుతోంది, కొత్త గది ఎక్కడ కడితే పాత కట్టడం బతుకుతుంది అని అడిగితే సివిల్ ఇంజనీరింగూ చరిత్రా ఒకే బెంచీ మీద కూర్చుంటాయి. అట్లా కూర్చోబెట్టడానికి మన సిలబస్‌లో సబ్జెక్టు కోడ్ లేదు.

ఇక ఉపాధి మాట. ఈ కోర్సు చదివితే గైడ్లవుతారట, ఊరికి టూరిస్టులొస్తారట. భూదాన్ పోచంపల్లిని 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. పోచంపల్లికి ఆ పేరు తెచ్చింది మగ్గం, మాడ్యూల్ ఏమీ కాదు. అమరచింతలోనూ మగ్గాలున్నాయి. నూలు ధర, కూలి గిట్టుబాటు గురించి ఒక్క ముక్క చెప్పకుండా నేతన్న ఇంటిని ‘ఆకర్షణ’గా రాయించే చదువు ఆ ఇంటికి ఏం ఒరగబెడుతుంది?

ఊరిని చదవడం మనకు కొత్త విద్య కాదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబిచ్చారు. బి.ఎన్. శాస్త్రి నల్లగొండ పల్లెలు తిరిగి శాసనాలు సేకరించి అచ్చు వేశారు. వాళ్లకు ఎన్ని క్రెడిట్లు వచ్చాయో ఏ మార్కుల మెమోలోనూ లేదు. వాళ్లు మిగిల్చిన జాబితాలను మాత్రం మనం ఈనాటికీ వాడుకుంటున్నాం.

జాబితా అంటే చిన్నచూపు వద్దు. 2019లో హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. వారసత్వ కట్టడాల జాబితాలో దాని పేరుండటమే ఆ కేసుకు బలమైంది. పట్నంలో భవంతికి జాబితా ఉంది, లాయర్లున్నారు, పత్రికలున్నాయి. ఆత్మకూర్ పాత బజారులో చెక్కడపు దర్వాజా ఉన్న ఇల్లు పడిపోతే అడ్డుపడే కాగితం ఏది? 2017లో రాష్ట్రానికి వారసత్వ చట్టం వచ్చింది. ఏ చట్టమైనా పేరు లేని ఇంటిని కాపాడలేదు.

“అసలేమీ లేకపోవడం కన్నా ఈ కోర్సు నయం కదా” అంటారు పెద్దలు. నయం కాదు. కోర్సు లేనప్పుడు ఊరి గురించి చెప్పలేదన్న వెలితి అయినా ఉండేది. ఇప్పుడు చెప్పేసినట్టు రికార్డు ఉంది.

కాబట్టి ప్రిన్సిపాళ్లకూ సిలబస్ కమిటీలకూ ఒక మనవి. ఒక్క సెమిస్టర్ పీపీటీ ఆపండి. ఒక్కో విద్యార్థికి పాత బజారులో పది ఇళ్లు అప్పగించండి. ఎవరు కట్టారు, ఎవరుంటున్నారు, దూలం ఏ కర్రది, పెంకు ఎక్కడిది, ఎందుకు అమ్మేస్తున్నారు అని అడిగి రాయించండి. ఆ జాబితా మున్సిపాలిటీకి ఇచ్చి రసీదు తీసుకోండి. వైవా బోర్డులో ఉద్దాలు చేసే పెద్దమనిషినీ అమరచింత నేతన్ననూ కూర్చోబెట్టి, ప్రొఫెసర్‌కిచ్చే రెమ్యునరేషనే వాళ్లకూ ఇవ్వండి. అంతవరకూ మీరు పంచే సర్టిఫికెట్లు శాఖ లెక్కలకు పనికొస్తాయి గానీ ఊరికి ఎందుకూ కొరగావు.