‘హార్డ్ బ్లాక్డ్: యెస్’ – టీకా తాత్పర్య సహితం

మూలం:
ఫై జీరో: వైర్‌లెస్ ల్యాన్
సాఫ్ట్ బ్లాక్డ్: నో
హార్డ్ బ్లాక్డ్: యెస్

అవతారిక. పదిహేనేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించాక వైఫై రాకపోతే, టెర్మినల్ తెరిచి ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ అని కొట్టినప్పుడు తెర మీద పడే త్రిపాది ఇది. గణాలు కుదరవు, యతి లేదు. రెండు మూడు పాదాల్లో ‘బ్లాక్డ్’ మళ్లీ వచ్చింది గదా అని యమకం అనుకునేరు, అది ఉత్త పునరుక్తి. అయినా వ్యాఖ్యకు తగిన గ్రంథమే. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కవి వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే తన పూనిక అనీ ఆయన చెప్పుకున్న కారణం. మన మూలానికీ అదే గతి పట్టింది. “వైఫై కార్డు పోయింది సార్, పాత మోడల్ కదా, పార్టులు దొరకవు, కొత్తది తీసేసుకోండి” అన్నది ఈ త్రిపాదికి బజారులో చెలామణి అవుతున్న వ్యాఖ్య. పై మూడు పాదాల్లో ‘పోయింది’ అన్న క్రియ ఎక్కడా లేదు. ‘పాత’ అన్న విశేషణం అసలే లేదు. ఉన్నదల్లా ‘ఆపారు’ అన్న మాట. చచ్చినదానికి కర్మకాండ చాలు. ఆపినదానికి మాత్రం ఆపినవాడెవడో వెతకాలి. ఆ వెతుకులాటే ఈ టీక.

ప్రతిపదార్థం. ‘ఫై’ దగ్గరే పండితుడు సైతం కాలు జారతాడు. తెలుగు లిపిలోకి దిగేసరికి వైఫైలోని ఫై, ఫై జీరోలోని ఫై ఒకే అక్షరమైపోయాయి గానీ వాటికి ఏ చుట్టరికమూ లేదు. మొదటిది రూఢి. 802.11బి అని పిలిస్తే జనం నోట పలకదని గ్రహించిన పరిశ్రమ వాళ్లు 1999లో ఇంటర్‌బ్రాండ్ అనే పేర్లు పెట్టే సంస్థ చేత పెట్టించుకున్న పేరది. హైఫైతో వినికిడి పోలిక తప్ప, విడదీస్తే అర్థం రాదు. దానికి ‘వైర్‌లెస్ ఫిడెలిటీ’ అని విగ్రహవాక్యం చెప్పేవాళ్లు తర్వాత అతికించిన ప్రచార నినాదాన్ని వ్యుత్పత్తి అనుకున్నవాళ్లు. రెండోది యౌగికం: ఫిజికల్ అన్న మాటను కత్తిరిస్తే మిగిలిన ముక్క, భౌతికమైన రేడియో అని అర్థం. జీరో అంటే ఇక్కడ శూన్యం కాదు. కంప్యూటర్లు లెక్క సున్నాతో మొదలుపెడతాయి గనక ‘మొట్టమొదటిది’ అని. ఇక ‘నో’, ‘యెస్’ అన్నవాటిని చూసి మోసపోకూడదు. ప్రశ్న ‘ఆపారా?’ అని కాబట్టి ‘లేదు’ అంటే శుభం, ‘ఔను’ అంటే అశుభం. వెరసి అన్వయం: ఈ యంత్రంలో మొదటి రేడియో ఉన్నది, సాఫ్ట్‌వేర్ దాన్ని ఆపలేదు, చేతితో జరిపే మీట ఆపింది.

విశేషం. కొండ మీద పొగ ఉంటే నిప్పు ఉన్నట్టేనని తర్కం చదివేవాళ్లు వల్లె వేసే మొదటి పాఠం. ఇక్కడ పొగ ‘ఫై జీరో’ అన్న పేరే. డ్రైవర్ కార్డును పలకరించి, జవాబు తెచ్చుకుని, రిజిస్టరులో రాసుకుంటే తప్ప ఆ పేరు పుట్టదు. లేనిది ఉందని చెప్పడానికి ఆపరేటింగ్ సిస్టమ్ పెళ్లిళ్ల పేరయ్య కాదు. పేరు పుట్టకపోయినా చావు తేలినట్టు కాదు. ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అని కొడితే మదర్‌బోర్డుకు తగిలించి ఉన్నవాటి జాబితా వస్తుంది. అందులో కార్డు ఉండి ఫై జీరో లేదంటే లోపం డ్రైవర్‌దో, దాని వెంట రావలసిన ఫర్మ్‌వేర్‌దో. ఆ జాబితాలోనూ లేకపోతే బయోస్‌లో వైర్‌లెస్‌ను కట్టేసి ఉంచారేమో చూసి, కార్డు విప్పి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి, అప్పటికీ జాడ లేకపోతే బజారు వ్యాఖ్యను మన్నించవచ్చు. ఇన్ని మెట్లు ఉండగా దుకాణంలో టాస్క్‌బార్ మీద ఎర్ర ఇంటూ గుర్తు చూసీ చూడగానే చివరి మెట్టు మీదకి దూకేస్తారు.

శంక: కార్డు పలికినంత మాత్రాన రేడియో బతికుందని ఎలా అంటావు, పలికే భాగం వేరు, తరంగాలు పంపే భాగం వేరు కదా, రెండోది కాలిపోయి ఉండవచ్చుగా? మంచి శంక, కొట్టిపారేయదగ్గది కాదు. అయితే అడ్డు తియ్యకుండా దాన్ని పరీక్షించే దారి లేదు. నోటికి గుడ్డ కట్టి ఉన్నవాడు మూగవాడో కాదో గుడ్డ విప్పాకే తెలుస్తుంది. మూడో పాదం ‘నో’ అయ్యాక రూటర్ పక్కనే కూర్చుని వెతికినా ఒక్క నెట్‌వర్క్ పేరూ కనబడకపోతే, కార్డు మీద ఉన్న రెండు చిన్న గుండ్రటి బొడిపెలకు నల్ల తీగ, తెల్ల తీగ తగిలి ఉన్నాయా చూడాలి. తెర చుట్టూ తిరిగి వచ్చే యాంటెన్నా తీగలవి. ఎప్పుడో ఫ్యాన్ దుమ్ము దులపడానికి విప్పినవాళ్లు వాటిని నొక్కడం మరిచిపోవడం కద్దు. అవీ సరిగ్గా ఉంటే శంక నెగ్గింది, మేం ఓడిపోయాం.

మూడో పాదానికి తిరిగి వస్తే, ‘హార్డ్’ అన్న పదంలో కాఠిన్యం నిజంగానే ఉంది. ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్’ అనే మంత్రం సాఫ్ట్ అడ్డును తీస్తుంది గానీ, వెయ్యినొక్కసార్లు జపించినా హార్డ్ అడ్డు కదలదు. అది తీగ మీద కట్టిన అడ్డు. ఆ రోజుల ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ముందు అంచునో కుడి పక్కనో బొటనవేలి గోరుతో జరిపే చిన్న మీట ఉండేది. బ్యాగులోకి తోసినప్పుడో, ఒళ్లో పెట్టుకున్నప్పుడో అది జరిగిపోతుంది, జరిగిన సంగతి ఎవరికీ తెలియదు. కొన్నింటికి మీట బదులు పై వరసలో యాంటెన్నా బొమ్మ ఉన్న తాకుడు బొత్తం ఉంటుంది. పనిచేస్తే నీలం, ఆపితే నారింజ. దీపం నారింజగా ఉందన్న ఒక్క ప్రత్యక్ష ప్రమాణం చాలు, ఈ టీకంతా దండగ. మీట విరిగిపోయి ‘ఆపు’ వైపే బిగుసుకుపోతే? మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ రకం వైఫై కార్డు అంచున 52 బంగారు పూత గీతలుంటాయి. మీట చెప్పిన ‘ఆపు’ అన్న మాటను కార్డుకు మోసుకొచ్చేది వాటిలో 20వది. ల్యాప్‌టాప్ ఆపి, బ్యాటరీ ఊడదీసి, ఆ ఒక్క గీత మీద సన్నని ఇన్సులేషన్ టేపు పీలిక అతికిస్తే కబురు అందదు, రేడియో మోగుతుంది. పక్క గీతల్ని తాకకుండా అతికించడానికి మాత్రం నగలు చేసే చేయి కావాలి.

అనుక్త విశేషం. ఇక్కడిదాకా మూలం పలికినది. మూలం పలకని అడ్డు ఇంకొకటుంది, అసలు శాస్త్రమంతా దాని దగ్గరే. 2005–2010 మధ్య వచ్చిన ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ చిప్పులు విస్తారం. ఆ చిప్పుకు సొంత జ్ఞాపకం లేదు. యంత్రం లేచినప్పుడల్లా డ్రైవర్ దాని చెవిలో ఫర్మ్‌వేర్ ఊదాలి. చిప్పు ఎలా పనిచేస్తుందో కంపెనీ చెప్పకపోతే, కొందరు ప్రోగ్రామర్లు తామే శోధించి లినక్స్‌కు డ్రైవర్ రాశారు. బి43 అని పేరున్న దాని రూపం 2008లో కెర్నల్‌లో చేరింది. ఫర్మ్‌వేర్ మాత్రం కంపెనీ సొత్తు, ఇతరులు పంచకూడదు. కాబట్టి దాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకుని, కత్తిరించి వాడుకోవాలి. ఇంటర్నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ కావాలంటే ఇంటర్నెట్ రావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. దీన్నే మన నైయాయికులు అన్యోన్యాశ్రయ దోషమన్నారు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్లు 2022లో ఓటింగు పెట్టుకుని, 2023 జూన్‌లో వచ్చిన 12వ సంచిక నుంచి ఇలాంటి ఫర్మ్‌వేర్‌లను ఇన్‌స్టాలర్‌లోనే కలిపారు. ఇంటెల్ వంటివాటికి దానితో మోక్షం దొరికింది గానీ, పంచుకోవడానికి అనుమతే లేని పాత బ్రాడ్‌కామ్‌ది ఇప్పటికీ విడిగా దించుకోవలసిందే. దోషం తెంపడానికి బయటి నుంచి మూడోది రావాలి. ఛార్జింగు వైరుతో ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఫోన్ అందుకున్న నెట్టు వైరు గుండా దిగుతుంది. ఆండ్రాయిడ్ అయితే లినక్స్‌కు వేరే డ్రైవరూ అక్కర్లేదు. వైరు లేనిది వైర్‌లెస్ అని సమాసం చెప్పుకున్నాం గానీ, ఆ లేమి సిద్ధించడానికి మొదట కావలసింది వైరే. వ్యాకరణం దీనికి ఒప్పుకోదు, యంత్రం ఒప్పుకుంటుంది.

పూర్వపక్షం: ఇంత తతంగం దేనికి, వేలి గోరంత యూఎస్‌బీ డాంగిల్ కొనుక్కుంటే పోలా? కొనుక్కోవచ్చు, తప్పు లేదు. కానీ కొన్నంత మాత్రాన పాత కార్డు చచ్చిందని రుజువు కాదు, ప్రశ్న దాటేశామంతే. పైగా డాంగిల్‌కూ డ్రైవర్ కావాలి. కొన్నింటి పెట్టెల్లో ఆ డ్రైవర్‌ను అరచేతిలో సగమంత సీడీ మీద ఇస్తారు. పదిహేనేళ్ల ల్యాప్‌టాప్‌లో సీడీ ట్రే నొక్కితే బయటికి రాదు, వస్తే లోపలికి పోదు. అన్యోన్యాశ్రయం తప్పించుకుని అనవస్థలో పడడమంటే ఇదే. ఇంకో పూర్వపక్షం గట్టిది: పాత కార్డుకు కొత్త రక్షణ పద్ధతులు తెలియవు, వయసే దోషం కాదని ఎలా అంటావు? దీనికి సమాధానం తేదీల్లో ఉంది. 2006 మార్చి తర్వాత వైఫై ముద్ర వేయించుకున్న ప్రతి పరికరానికీ డబ్ల్యూపీఏ2 తప్పనిసరి చేశారు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఒక్కదాన్నే రూటర్‌లో పెట్టుకుంటే పాత కార్డు నిలవకపోవచ్చు. రెండూ కలిసిన పద్ధతి పెడితే నిలుస్తుంది. 2006కు ముందుదై, డబ్ల్యూఈపీ అనే పాత తాళం తప్ప ఎరగని కార్డు విషయంలో మాత్రం బజారు మాటే సిద్ధాంతం. ఆ తాళాన్ని ఎవడైనా నిమిషాల్లో తీస్తాడు.

ఆపినవాళ్ల జాబితాలో కొందరు ల్యాప్‌టాప్‌లో ఉండరు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీని 2005 జనవరిలో లైసెన్సు నుంచి విడిపించారు, అందులో 1 నుంచి 13 దాకా ఛానెళ్లు వాడుకోవచ్చు. అమెరికాలో వాడుక 11తో ఆగుతుంది, అక్కడ అమ్మే కార్డులూ ఆ హద్దుతోనే వస్తాయి. డల్లాస్‌లో ఉన్న కొడుకు వాడి వాడి, ఈసారి వచ్చినప్పుడు విజయవాడలో నాన్నగారికి వదిలివెళ్లిన ల్యాప్‌టాప్‌కు పక్కింటి వైఫై కనబడి సొంతింటిది కనబడకపోతే, రూటర్ తనంతట తాను 13వ ఛానెల్ మీద కూర్చుందేమో చూడాలి. దాన్ని 6కో 11కో మారిస్తే తండ్రీకొడుకుల మధ్య వీడియో కాల్ మొదలవుతుంది. అలాగే ‘5జీ’ అన్న తోక ఉన్న పేరు ఫోన్‌లో కనబడి ఇందులో కనబడదని బెంగపడేవాళ్లున్నారు. ఆ తోక 5 గిగాహెర్ట్‌జ్‌కు గుర్తు, సెల్‌ఫోన్ 5జీకి కాదు, 2.4 మాత్రమే ఎరిగిన కార్డుకు ఆ పేరు వినబడదు, తోక లేని పేరు పట్టుకుంటే చాలు. మరొకటి, అందరినీ ఏడిపించేది: వైఫై తగులుతుంది, గీతలు నిండుగా ఉంటాయి, ఒక్క పేజీ తెరుచుకోదు. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోయి, గడియారం యంత్రం పుట్టిన నాటికి వెనక్కి పోయి ఉంటుంది. ఇంకా పుట్టని కాలపు సర్టిఫికెట్ చూపిస్తున్నారని బ్రౌజర్ ప్రతి వెబ్‌సైటునీ గుమ్మంలోనే నిలబెడుతుంది. తేదీ సరిచేస్తే దారి ఇస్తుంది. ఇక్కడా ‘ముసలిదైపోయింది’ అన్నది నిజం కాదు. అది తనకు ఇంకా వయసు రాలేదనుకుంటోంది.

పాఠభేదం. బొటనవేలి గోటితో మీట జరిపి మళ్లీ ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొడితే మూడో పాదం ‘హార్డ్ బ్లాక్డ్: నో’ అని వస్తుంది. వ్యాఖ్య చదివి మూలం తన పాఠాన్ని మార్చుకోవడం మల్లినాథుడికి దక్కని భాగ్యం. ఆయన ఎంత రాసినా కాళిదాసు ఒక్క అక్షరం కదపలేదు. మరి ముద్రణలో ఏ పాఠం స్వీకరించాలి అన్నది పరిష్కర్తల ముందున్న చిక్కు. మేం ‘యెస్’నే గ్రహించాం. ‘నో’ అన్న పాఠం ఉన్న ప్రతిని ఇంతవరకు ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు.